అబిడ్స్ చర్చిల విరిగిన బల్ల

గౌలిగూడ,
ఆదివారం పొద్దున

సోమన్నకు,

నీ తమ్ముడు నర్సింహ శనార్తి చెప్పి రాసేది. నేనీడ పాణంతోని మంచిగనే ఉన్న. మీరంత ఆడ మంచిగున్నరనే అనుకుంటున్న. నీ చెయ్యి ఎట్లుంది? చలికాలం కుట్లేసిన కాడ గుంజుతదని దవాఖానల డాక్టరు ముందే చెప్పిండు గద, గుంజుతాందా? వదిన పాణమెట్లుంది? కందికోతలు అయిపోయినయా, ఇంక నడుస్తనే ఉన్నయా? శ్రావణికి ఈ ఏడు పదో తరగతి పరీక్షలు. లెక్కలు మంచిగ చెయ్యమని బాబాయి చెప్పిండని చెప్పు.

ఈ కాలంల ఉత్తరమేందిరా అనుకుంటవ్. ఏం జెయ్యాలె అన్నా, నువ్వు ఫోనెత్తుతలేవు. దసరా ఎన్క నేనొచ్చినకాడికెళ్లి ఎన్నిసార్లు చేసిన్నో నీ ఫోన్ల ఉంటది. రెండుసార్లు వదిన ఎత్తింది. "మీ అన్న పండుకున్నడు" అన్నది. పగటి పదకొండు గంటలకు నువ్వు పండుకునే మనిషివి కాదని ఆమెకెర్కనే, నాకెర్కనే. వాట్సాప్‌ల గొంతు పంపుదామని మూడుసార్లు మాట్లాడిన, మూడుసార్లు తుడిపేసిన. నా రూముల ఇంక ముగ్గురుంటరు. వాళ్ల ముంగట మాట్లాడే ముచ్చట కాదు. అందుకే మెస్సుల ఛాయ్ తాగుకుంట ఈ కాగితం పట్టుకున్న.

నా ఫికర్ పెట్టుకోకు. పనుంది, తిండుంది. నాంపల్లిల ఒక ఫర్నిచర్ దుకాణంల చేస్తున్న. ఇది మూడోది. మొదటి సేటు మంచోడే, నేనే ఉండలేకపోయిన. రెండోది గూడ నేనే ఇడిసిపెట్టిన. ఇప్పుడున్నకాడ అంత ప్లైవుడ్డే అన్నా. రేకులసొంటి షీట్లు కోసుడు, జిగురు రాసుడు, మీద రంగు కాగితం అతికిచ్చుడు, స్క్రూలు బిగిచ్చుడు. పొద్దుగాల పెట్టిన అల్మార పొద్దుమీకి వరకు లారెక్కుతది. పోయిన నెలంత ఎగ్జిబిషన్ల దుకాణాలకు బల్లలు, షెల్ఫులు కొట్టినం. కట్టె వాసనే మర్సిపోయిన. బట్టలిప్పినా జిగురు వాసనే. నాతోని చేసేటోళ్లు రాజస్థానోళ్లు, పనిమంతులు. వాళ్ల హిందీ నాకు సగం సమజైతది, నా హిందీ వాళ్లకు అసలే కాదు.

మెస్సుల జొన్నరొట్టె గూడ దొరుకుతది. కాని ఎవరో బండరాయి మీద కొట్టినట్టుంటది, వదిన చేసినట్టుండదు. చలి మనూర్ల అంత లేదు. దుప్పటి కొనుక్కున్న. పాణం మంచిగుంది, నిజంగనే మంచిగుంది. ఒక్కటే, కాలు ఒక్కకాడ నిలుస్తలేదు. కూసుంటే లేవాలనిపిస్తది, లేస్తే ఎటు పోవాల్నో తెల్వది. ఆదివారం పని లేకపోతే రూముల ఉండలేను. గౌలిగూడకెళ్లి కోఠి, కోఠికెళ్లి అబిడ్స్, అబిడ్స్‌కెళ్లి నాంపల్లి స్టేషను, మళ్ల ఎన్కకు. గిట్ల నాలుగు నెలలు నడిచిన. ఇప్పుడు గూడ ఈ మెస్సోడు లేవమన్నట్టే చూస్తాండు. మిగిలింది అబిడ్స్‌ల రాస్త.

అబిడ్స్. పోస్టాఫీసు మెట్ల మీద కూసున్న. ఆదివారం గద, బందున్నది. ముంగట ఫుట్‌పాతుల మీద పాత పుస్తకాలు పరిచిన్రు, మంది మస్తున్నరు. ఆటోలోళ్ల హారన్లు ఆగుతలేవు. అయినా ఈడనే నయం.

ఇగ అసలు ముచ్చటకొస్త. నెల కింద ఇసొంటి ఆదివారమే, గీ పుస్తకాల నడుమ తిరుగుకుంట పోతాంటే ఒక పాత చర్చి కనవడ్డది. అంతకుముందు ఎన్నిసార్లు దాని ముంగటికెళ్లి పోయిన్నో, ఎన్నడు తలెత్తి చూడలే. ఇంగ్లీషోళ్ల కాలంల కట్టిందంట, ఇక్కడుండే దొరలు మొక్కుకునేటోళ్లంట. చుట్టు దుకాణాలు, బస్సులు, నడుమ గింత జాగ, చెట్లు. గేటు తెరిసే ఉన్నది. లోపట ప్రార్థన అయిపోయి మంది ఎల్లిపోతున్నరు. నన్నెవరు ఆపలే. నేను చెప్పులిప్పి లోపటికి పోయిన. చెప్పులిప్పే పని లేదంట గాడ, నాకు తెల్వది.

లోపట సల్లగున్నది అన్నా. కప్పు ఎంత ఎత్తున్నదో, హారన్ల సప్పుడంత గేటు కాడనే ఉండిపోయినట్టయింది. క్రిస్మస్‌కు కట్టిన కాగితం చుక్కలు ఇంక తీయలే. గోడలకు తెల్లరాతి పలకలు, వాటిమీద ఇంగ్లీషు రాతలు. నేను ఆఖరి వరుసల ఒక బల్ల మీద కూసున్న. రెండు నిమిషాలు కూసున్ననో లేదో మళ్ల కాళ్లు గుంజబట్టినయి. లేద్దామని బల్ల అంచు పట్టుకున్న. చేతికి ఏదో తెలిసింది. టేకు. మంచి ముదురు టేకు. పట్టుకోంగనే నున్నగ, ఎంతమంది చేతులు రాసుకున్నయో. నాకు ఆగబుద్ధి కాలే. వంగి కిందికి చూసిన.

అన్నా, ఒక్క మేకు లేదు. చేసినోడెవరో కట్టెను కట్టెల జొరగొట్టి, అడ్డంగ కట్టె చీల దిగ్గొట్టిండు. మనూరి దేవుని రథానికి నువ్వు చేసినవు చూడు, అచ్చం గట్లనే. నేను నేల మీద ఎల్లెలుకల పండుకొని బల్ల కిందికి దూరిన.

"ఏం పోయింది బాబూ? ఏం దేవులాడుతున్నవ్?"

తలకాయ బల్లకు తాకింది. బయటికొచ్చి చూస్తే ఒక ముసలామె నిలవడ్డది. తెల్లచీర, చేతిల పాటల పుస్తకాలు, కండ్లద్దాలు ముక్కు మీదికి జారినయి. దొంగను చూసినట్టే చూస్తాంది.

"ఏం పోలేదమ్మా. అతుకు చూస్తున్న."

"అతుకా?"

"బల్లకు మేకుల్లేవమ్మా."

ఆమె కండ్లద్దాలు మీదికి జరుపుకున్నది. "ముప్పై ఏండ్లసంది దీనిమీదనే కూసుంటున్న. నాకు తెల్వదు" అన్నది. పుస్తకాలు పక్కకు పెట్టి, మోకాళ్లు పట్టుకొని మెల్లగ వంగి, తను గూడ కిందికి చూసింది.

ఆమె పేరు సుగుణ టీచర్. సర్కారు బడిల లెక్కలు చెప్పి రిటైరయింది. ఆదివారం అందరు పోయినంక పుస్తకాలు సదిరి, ఆ రాతి పలకలు తుడుస్తది. ఎవరు చెప్పిన పని కాదంట. ఒక పలక నాకు సదివి చెప్పింది. ఇంగ్లండుకెళ్లి ఒక పిలగాడు ఈడికి నౌకరికి వచ్చి జరమొచ్చి సచ్చిపోయిండంట, ఆడున్న వాళ్ల అన్న ఆ రాయి పెట్టిపిచ్చిండంట.

"ఆ అన్న వచ్చి చూసిండా టీచరమ్మా?" అన్న.

"ఎవరు చూసిన్రు బాబూ? అంత దూరంకెళ్లి ఏమొస్తడు? డబ్బులు పంపిండు, రాయి పెట్టిన్రు." ఆమె బట్ట పిండుకొని ఇంకో పలక కాడికి పోయింది. నాకు మళ్ల ఆడ నిలవడబుద్ధి కాలే.

పోతుంటే పిలిచి, మూలకు ఒక బల్ల చూపిచ్చింది. ఒకదిక్కు కాలు ఊడిపోయింది. ఎవరో ఇనుప పట్టీ ఏసి స్క్రూలు దిగ్గొడితే పలక ఇంక పగిలిపోయింది. "దీన్ని పాతసామాన్లోనికి ఇస్తమంటున్నరు. నీకు చేతనైతదా?" అన్నది. చేతనైతదన్న. ఎందుకన్ననో తెల్వది. మా అన్నకైతే చేతనైతదని అనాల్సింది.

నాయిన ఉలులు రెండు కనవడ్తలేవని నువ్వు దేవులాడే ఉంటవ్. నా కాడనే ఉన్నయి. వచ్చేటప్పుడు సంచిల ఏసుకున్న, అడగలే. తప్పయింది.

మళ్ల ఆదివారం పోయిన. పెద్దోళ్లను అడిగి ఒప్పిచ్చి, పాత ఇల్లు కూలగొట్టినకాడికెళ్లి టేకు ముక్క తెప్పిచ్చి పెట్టింది టీచరమ్మ. వరండల చెట్టు నీడకు కూసొని పని మొదలుపెట్టిన. చేతితోని ఉలి పట్టి ఎన్ని రోజులైందో అన్నా. మొదటి దెబ్బకే ఏలు నొచ్చింది. గంటసేపు కట్టె కొసకు నాలుక చెక్కినంక, అది జొరే బొందల ఎక్కిచ్చి సుత్తెతోని తట్టిన, నాలుక టప్పున పగిలింది. నాకు కోపమొచ్చి సుత్తె ఇసిరిన. సంచి సదురుకున్న.

టీచరమ్మ కుర్చీల కూసొని ఫ్లాస్కులకెళ్లి ఛాయ్ పోస్తాంది. తలగూడ ఎత్తలే. "నా క్లాసుల లెక్క తప్పితే పేజీ చింపనియ్యకపోయేది. కొట్టేసి దాని కిందనే మళ్ల చెయ్యాలె. కూసో, ఛాయ్ తాగు."

కూసున్న. రెండోది చెక్కిన. ఈసారి తొందర చెయ్యలే. నువ్వు చెప్పినట్టే చేసిన, జెర చెక్కి, పెట్టి చూసి, మళ్ల తీసి, మళ్ల జెర. టీచరమ్మ కండ్లద్దాలు సర్దుకొని చూస్తాంది.

"ఎవరు నేర్పిన్రు నీకు?"

"మా అన్న. నాయిన పోయినప్పుడు నాకు పదకొండేండ్లు. అన్ననే నేర్పిండు."

"ఆయన గూడ పట్నంలనే ఉన్నడా?"

"లేడమ్మా. ఊర్లనే ఉన్నడు. పని చేస్తలేడు. కుడిచేతి ఏళ్లు రెండు తెగిపోయినయి, కట్టె కోత మిషిన్ల పడి."

"అయ్యో. ఎట్ల పడె?"

అన్నా, ఇది రాయనీకి ముందు ఈ మెట్ల మీదికెళ్లి లేసి రెండుసార్లు నడిచొచ్చిన. అయినా రాస్త.

"తాగి కోసిండమ్మా" అన్న.

నా నోటికెళ్లే వచ్చింది. ఊరంత అన్నది, కల్లు తాగి మిషిను కాడ కూసున్నడని. వదిన అన్నది. మీ మామ వచ్చి నలుగురిల అన్నడు. నేను మాత్రం ఎన్నడు అనలే. ఊకున్న, అంతే. అనలేదు గద అని మనసుకు చెప్పుకునేటోణ్ని. ఆ రోజు దేవుని జాగల కూసొని, ఏమెరుగని మనిషి ముంగట, నేనే అన్న. ఆమె "పాపం" అన్నది. నీ గురించి పాపమన్నది.

ఉలి ఆడనే ఇడిసిపెట్టి లేసిన. "ఏమైంది బాబూ" అని ఎన్కకెళ్లి పిలుస్తనే ఉన్నది. సీదా నాంపల్లి స్టేషనుకు పోయిన. తాండూరు బండికి టికెట్ తీసుకున్న. బండొచ్చింది. మంది ఎక్కిన్రు. నేను డబ్బా తలుపు కాడ కమ్మి పట్టుకొని నిలవడ్డ. కూతేసింది. కమ్మి ఇడిసిపెట్టిన. ఇంటికొచ్చి నీకేం చెప్తనని. బండి పోయింది. ఆ వారమంత షీట్లు కొలత తప్పి కోసిన, సేటు రెండుసార్లు తిట్టిండు.

ఆ మళ్ల ఆదివారం ఉలుల కోసమన్నా పోవాలె గద అని పోయిన. నాయినవి గద. టీచరమ్మ వాటిని గుడ్డల చుట్టి లోపట పెట్టింది. ఏం అడగలే. నేను ముంగట కూసొని పని మొదలుపెట్టిన. పగటాళకు బల్లకు కాలు ఎక్కింది, చీల దిగ్గొట్టిన. బల్లను తిప్పి నిలవెట్టినం. నేను ఈ కొస, ఆమె ఆ కొస కూసున్నం. కిర్రుమనలే.

అప్పుడు చెప్పిన. "టీచరమ్మా, మొన్న నేను అబద్ధమాడిన. మా అన్న తాగి కోసుకోలే."

ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె అంత ఇన్నది. అయ్యో అనలే, క్షమిస్తడు అనలే. "ఇది నాకెందుకు చెప్తున్నవ్?" అన్నది. "నేనెవరిని? మీ అన్ననా?"

నేను ఉలులు మళ్ల గుడ్డల చుట్టబట్టిన.

"నాకు చెప్తే నీ బరువు దిగొచ్చు. ఆయన మీదున్నది దిగదు గద" అన్నది. తర్వాత మోకాలు పట్టుకొని లేసి, పుస్తకాలు సదరనీకి పోయింది. ఆమెకు కోపమొచ్చిందో ఏమో నాకు తెల్వలే. పోయేటప్పుడు మాత్రం సగం ఫ్లాస్కు ఛాయ్ నా గ్లాసుల పోసింది.

నాంపల్లి స్టేషను. బెంచీ మీద కూసొని రాస్తున్న. పోలీసాయన రెండుసార్లు చూసిండు, ఏ బండి ఎక్కకుండ రాసుడేందని. అయిపోవస్తాంది. ఇప్పుడు సదివేది నిమ్మళంగ సదువు అన్నా.

ఆ రోజు పొద్దుగాల మన షెడ్డుల సర్పంచి ఇంటి దర్వాజకు దిమ్మెలు కోసింది నేను. దిమ్మె మందంగుండి మిషిను పండ్ల మీద ఉండే రేకు మూత అడ్డం తాకబట్టె. పానా పెట్టి మూత ఊడదీసిన. నువ్వు ఎన్నిసార్లు చెప్పినవ్, మూత తీస్తే మిషినే ముట్టొద్దని. పది నిమిషాల పని గద అనుకున్న. కోసుడు అయిపోయినంక ఫోనొచ్చింది, మాట్లాడుకుంట బయటికి పోయిన. మూత మళ్ల పెట్టలే. నీకు చెప్పలే. నువ్వు వచ్చి, రోజు కూసున్నట్టే కూసొని మిషిను చాలు చేసినవ్.

నువ్వు ఒర్రినప్పుడు నేను రోడ్డు మీదనే ఉన్న. ఉరికొచ్చిన. ఆటోల నిన్ను ఎక్కిచ్చిన్రు, వదిన ఎక్కింది. నన్ను గూడ ఎక్కుమన్నరు. "షెడ్డు తాళమేసి ఎన్క బండి మీదొస్త" అన్న. యాదికుందా నీకు? అందరు పోయినంక లోపటికి పోయిన. నెత్తురు ఉన్నది. మూత తీసుకొని, నాలుగు బోల్టులు పెట్టి, పానాతోని బిగిచ్చిన. చేతులు కడుక్కొని తాళమేసి దవాఖానకొచ్చిన. మర్నాడు చూసినోళ్లంత, మూతుండంగ చెయ్యి ఎట్ల పోయె, మత్తుల పెట్టి ఉంటడు అన్నరు. అంతకుముందు రాత్రి పెండ్లికాడ నువ్వు ఒక్క సీసా కల్లు తాగినవ్, అంతే. పొద్దుగాలకు నీకు మత్తులేదని నాకెర్క. అందరికంటె నాకే ఎర్క.

నువ్వు గూడ నమ్మినవ్ అన్నా. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని "నేనే సోయి లేక పెట్టినట్టున్న తమ్మీ, మూత ఉన్నదే నాకు కనవడలే" అని నాతోనే అన్నవ్. అప్పుడన్నా చెప్పాల్సింది. నోరు తెరిసిన. వదిన అన్నం పట్టుకొచ్చింది. మూసుకున్న. అప్పటిసంది నీ చేతి దిక్కు చూడలేకపోయిన, నువ్వు కల్లు బందు పెట్టినవని మంది మెచ్చుకుంటే ఇనలేకపోయిన. షెడ్డు నువ్వు బందు జేస్తే, పని లేదని చెప్పి పట్నమొచ్చిన. పని లేక రాలే నేను. పారిపోయొచ్చిన. నేను నిన్ను కష్టంల ఇడిసిపెట్టి పోయిన్నని నీకు కోపం. అది సగమే. మిగిలిన సగం ఇది.

మాఫీ చెయ్యమని అడుగుతలేను. అడిగే మొఖం గూడ లేదు.

ఈ ఉత్తరం ఈ స్టేషను కాడ పోస్టు డబ్బాల ఏస్త. నాలుగైదు రోజుల్ల చేరుతది. వచ్చే ఆదివారం పొద్దుగాల బండికి నేనొస్త. ముందు ఇది చేరాలె, ఎన్క నేను రావాలె. మొఖం చూసినంక మళ్ల నోరు మూసుకుంటనేమోనని నా మీద నాకే అనుమానం. నువ్వు రావద్దంటే వదినతోని ఒక్క మాట ఫోన్ చేపియ్యి, ఆగిపోత. ఏ మాట రాకుంటే వస్త. మీ మామను గూడ పిలిపియ్యి. ఆయన నలుగురిల అన్నడు, నేను ఆ నలుగురినే నిలవెట్టి చెప్త. ఇంటికి రానియ్యకుంటే షెడ్డు ముంగట నిలవడి చెప్త.

ఇంటి పెద్దలకు దండాలు. శ్రావణికి ఒక పెన్నుల డబ్బా కొన్న, నేను రాకుంటే పోస్టుల పంపుత. చెయ్యికి సలి తగలనియ్యకు, ఊలు గుడ్డ చుట్టుకో. నా ఫికర్ పెట్టుకోకు.

వదినకు నా తరఫున ఏం చెప్పకు. ఈ కాగితమే చేతికియ్యి, సదువుకుంటది. తాగుబోతని, ఇల్లు ముంచినవని, ఏడాది దగ్గరికొస్తాంది, నిన్ను అనేటి మాటలు నువ్వు తలొంచుకొని పడుతున్నవ్. అవి నీయి కావు అన్నా. నాయి. వచ్చి తీసుకుంట.

నీ తమ్ముడు
నర్సింహ